లైనక్స్ వేశాక లాప్‌టాప్ మూగబోయిందా? మూడు ఊర్లు, మూడు కారణాలు

మా ప్రొద్దుటూరులో ఎండలు దంచుతున్నాయి. వెనకాల ఫ్యాన్ సౌండ్ వినిపిస్తే కొంచెం సర్దుకోండి. ఈరోజు టాపిక్ కూడా సౌండ్ గురించే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ పైదో ఉండాలి. దాంతో పాత లాప్‌టాప్‌ను పారేయలేక చాలామంది లైనక్స్‌కి వస్తున్నారు. నేను కూడా ఇంట్లోవాళ్ళకి, తెలిసినవాళ్ళకి వేసిస్తున్నా. పని ఐపోతుంది, డెస్క్‌టాప్ తళతళా మెరుస్తుంది, పాట పెడతాం... చప్పుడు ఉండదు.

నాకు ఇది మూడుసార్లు జరిగింది. ఒకసారి ప్రొద్దుటూరులో, ఒకసారి జమ్మలమడుగులో, ఒకసారి పులివెందులలో. బయటికి చూస్తే మూడూ ఒకటే జబ్బు, సౌండ్ రాలేదు. లోపల కారణాలు మాత్రం మూడు రకాలు. మొదటిది నవ్వుకునేది. రెండోది అరగంట పట్టింది. మూడోది చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఆ మూడోదే. కాబట్టి మధ్యలో వెళ్ళిపోవద్దు.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుందాం. జమ్మలమడుగు దగ్గర పెన్నా మీద మైలవరం డ్యామ్ ఉంది కదా. డ్యామ్‌లో నీళ్ళు ఉన్నాయి, కాలువ ఉంది, మన మడికి మాత్రం నీళ్ళు రాలేదు. అప్పుడు రైతు ఏం చేస్తాడు? మడిలో గెనిమలన్నీ తవ్విపోసుకోడు. కాలువ గట్టు పట్టుకొని నడుస్తాడు. యాడ తూము మూసింది, యాడ నీళ్ళు పక్క మడికి మళ్ళినాయి అని ఒక్కొక్కటే చూసుకుంటా పోతాడు.

సౌండ్‌కి కూడా అట్లాంటి కాలువే ఉంది. మొదట మీరు పాట పెట్టే యాప్. అక్కడి నుంచి సౌండ్ సర్వర్ అనే ప్రోగ్రామ్‌కి పోతుంది. ఏ యాప్ సౌండ్ ఏ స్పీకర్‌కి పోవాలో అది పంచుతుంది. తర్వాత కెర్నల్‌లో ఉండే డ్రైవర్, దాని పేరు ఆల్సా. ఆ తర్వాత లాప్‌టాప్‌లో ఉండే సౌండ్ చిప్. చివరాఖరికి స్పీకర్. ఈ ఐదింటిలో ఎక్కడ తూము మూసుకున్నా మనకు కనిపించేది ఒక్కటే, చప్పుడు లేదు. అందుకే "సౌండ్ రాలేదు, ఏ కమాండ్ కొట్టాలి?" అని అడిగితే జవాబు ఉండదు. ఎక్కడ ఆగింది అనేది ముందు తెలియాలి.

సరే, మొదటి కథ. ప్రొద్దుటూరులో మా బాబాయికి బట్టల అంగడి ఉంది. అంగట్లో గోడకి టీవీ పెట్టి, లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో చీరల డిజైన్లు చూపిస్తాడు. పొద్దున్నే భక్తి పాటలు కూడా అందులోనే. నేను లైనక్స్ వేసి ఇంటికి వచ్చేలోపే ఫోన్. "ఏమిరా అబ్బీ, ఉచితంగా వచ్చిందని మూగదాన్ని నాకు అంటగట్టినావా?" అని.

పోయి చూస్తే ఏముంది, సౌండ్ బ్రహ్మాండంగా పోతా ఉంది. లాప్‌టాప్ స్పీకర్‌కి కాదు, టీవీకి. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ ఒక్కటే కాదు, సౌండ్ కూడా పోతుంది. ఆ టీవీ వాల్యూమ్ సున్నాలో పెట్టి ఎన్ని రోజులైందో. నీళ్ళు పక్క మడికి మళ్ళినాయి, అంతే.

దీనికి టెర్మినల్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సౌండ్ తెరవండి. అవుట్‌పుట్ అని ఉంటుంది. అక్కడ హెచ్‌డీఎంఐ అని ఉంటే స్పీకర్స్ అని మార్చండి. ఐపోయింది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడేవాళ్ళు కూడా ఇక్కడే చూడాలి. డబ్బాలో పెట్టినాం అనుకుంటాం, అది ఇంకా కనెక్ట్ అయ్యే ఉంటుంది.

అక్కడ అంతా సరిగ్గా ఉండి కూడా ఒక్క యాప్‌లోనే సౌండ్ లేకపోతే, పావు కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి. మెనూలో పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అని కనిపిస్తుంది. పాట నడుస్తుండగా అందులో ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. ఒక్కో యాప్‌కి ఒక్కో గీత ఉంటుంది. బ్రౌజర్ ఒక్కటే మ్యూట్‌లో ఉంటే అక్కడ దొరికిపోతుంది. పాటతోపాటు ఆ గీత ఎగిరెగిరి పడుతుందంటే, సౌండ్ యాప్ దాటి సర్వర్ వరకు వచ్చిందని అర్థం. తూము ఇంకా కింద ఎక్కడో మూసుంది.

ఇప్పుడు రెండోది. జమ్మలమడుగులో మా పిన్ని కూతురు డిగ్రీ ఫైనల్ ఇయర్. మర్నాడు పొద్దున పదకొండుకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసింది. "అన్నా, స్పీకర్ నుంచి సౌండ్ రాలేదు. ఒక వీడియోలో ఉన్నట్టు కమాండ్ కాపీ చేసినా, ఎంటర్ కొట్టేదా?" అని. ఏం కమాండ్ చదువు అన్నా. పల్స్ఆడియోను పూర్తిగా తీసేసే కమాండ్ అది. "చెల్లీ, దండం పెడతా, ఎంటర్ కొట్టొద్దు. పొద్దున్నే వస్తా" అన్నా.

ఎందుకు వద్దన్నానో చెప్తా. లైనక్స్‌లో సౌండ్ సర్వర్ కాలంతోపాటు మారుతూ వచ్చింది. పల్స్ఆడియో 2004లో మొదలైంది. 2008లో ఉబుంటు 8.04లోకి వచ్చింది. ఆ రోజుల్లో గొడవలు ఎక్కువ, "తీసేయ్, మళ్ళీ వెయ్" అనే సలహాలు కుప్పలు. తర్వాత పైప్‌వైర్ వచ్చింది. ఫెడోరా 34 అంటే 2021లో, ఉబుంటు 22.10 అంటే 2022లో, లినక్స్ మింట్ 22 అంటే 2024లో అదే డిఫాల్ట్ అయింది. పాత సలహా కొత్త సిస్టమ్ మీద కొడితే, సౌండ్ రావడం అటుంచి, దాన్ని పట్టుకొని ఉన్న డెస్క్‌టాప్ ప్యాకేజీలు కూడా వెంట ఊడిపోయే ప్రమాదం ఉంది. తీసేసే కమాండ్ ఏదైనా కొట్టినప్పుడు, ఏమేమి పోతాయో లిస్ట్ చూపించి, అవునా కాదా అని అడుగుతుంది. ఆ లిస్ట్ చదవండి. చదవకుండా వై కొట్టేవాళ్ళే ఎక్కువ మోసపోయేది.

మీ దాంట్లో ఏది నడుస్తుందో తెలుసుకోవాలంటే టెర్మినల్‌లో ప్యాక్టీఎల్ ఇన్ఫో అని కొట్టండి. సర్వర్ నేమ్ అనే లైన్‌లో పైప్‌వైర్ అని కనిపిస్తే కొత్తది. దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలంటే సిస్టమ్‌సీటీఎల్, డ్యాష్ డ్యాష్ యూజర్, రీస్టార్ట్, తర్వాత పైప్‌వైర్, వైర్‌ప్లంబర్, పైప్‌వైర్ డ్యాష్ పల్స్. స్పెల్లింగ్ స్క్రీన్ మీద పెట్టినా చూడండి. దీంట్లో ఏమీ ఊడిపోదు, సూడో కూడా అక్కర్లేదు.

పొద్దున ఎనిమిదికల్లా జమ్మలమడుగులో దిగినా. ముందు ఒక పని చేసినాం. ఇయర్‌ఫోన్స్ పెట్టి చూసినాం. సౌండ్ వచ్చింది. ఇది చాలా పెద్ద గుర్తు ఫ్రెండ్స్. ఇయర్‌ఫోన్స్‌లో వస్తుందంటే డ్రైవర్ బాగుంది, చిప్ బాగుంది. స్పీకర్‌కి పోయే చివరి తూము ఒక్కటే మూసుంది.

అప్పుడు టెర్మినల్‌లో ఆల్సా మిక్సర్ అని కొట్టినాం. రెండు పదాలూ కలిపి, అన్నీ చిన్న అక్షరాలే. మొదట ఒకటే గీత కనిపించొచ్చు. ఎఫ్6 నొక్కి మీ అసలు సౌండ్ కార్డ్ ఎంచుకోండి. అప్పుడు మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ అని వరుసగా వస్తాయి. ఏ గీత కింద ఎం ఎం అని ఉంటే అది మ్యూట్. ఆ గీత మీదికి బాణం గుర్తులతో పోయి కీబోర్డ్‌లో ఎం నొక్కితే రెండు సున్నాలు వస్తాయి, అంటే తెరుచుకుంది. కుడివైపు చివరకు పోతే కొన్ని లాప్‌టాప్‌లలో ఆటో మ్యూట్ మోడ్ అని ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టగానే స్పీకర్ తనంతట తాను మూసుకోవడానికి అది.

మా చెల్లెలి లాప్‌టాప్‌లో గొడవ అదే. ఇయర్‌ఫోన్స్ తీసేసినా, పిన్ను లోపలే ఉందని సిస్టమ్ నమ్ముతా ఉంది. జాక్ రంధ్రంలో దుమ్ము. పిన్ను నాలుగైదుసార్లు పెట్టి తీసినాం, కొంచెం ఊదినాం. ఆటో మ్యూట్‌ను డిజేబుల్డ్ చేసినాం. పావు కంట్రోల్‌లో అవుట్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌కి పోయి, పోర్ట్ దగ్గర హెడ్‌ఫోన్స్ తీసి స్పీకర్స్ పెట్టినాం. ఆ స్పీకర్స్ పక్కన అన్‌ప్లగ్డ్ అని ఉన్నా పట్టించుకోలేదు. వచ్చేసింది. పిన్ని పెట్టిన ఉగ్గాని బజ్జి తినేటప్పటికి తొమ్మిదిన్నర. పదకొండుకు ఇంటర్వ్యూ చక్కగా జరిగింది.

ఇక మూడోది. పులివెందుల.

నా ఫ్రెండ్ వాళ్ళ అన్న. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. బ్యాంక్ పరీక్షలకు చదువుతున్నాడు. లాప్‌టాప్ మొత్తం స్క్రీన్ రీడర్‌తోనే నడిపిస్తాడు. అంటే స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్. కీబోర్డ్ మీద మనకంటే వేగం. కానీ ఆ లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే. ఒక కీ నొక్కితే మాట వచ్చేలోపు ఇంకో రెండు కీలు నొక్కేయొచ్చు, అంత నిదానం. "లైనక్స్ వేస్తే తేలికవుతుంది అన్నా, ఓర్కా అని స్క్రీన్ రీడర్ ఉంది, ఇ-స్పీక్‌తో తెలుగు కూడా చదువుతుంది. గంటలో ఇస్తా" అన్నా. గొప్పగా అన్నా.

ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకొని సాయంత్రానికి పోయినా. నా దగ్గర పాత పెన్ డ్రైవ్ ఉంది, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసిన ఇన్‌స్టాలర్. ఆయన నోట్స్ అన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసినా, విండోస్ తీసేసినా, లైనక్స్ వేసినా. డెస్క్‌టాప్ వచ్చింది. "ఐపోయింది అన్నా" అని ఆయన ముందు పెట్టినా.

ముందే నేర్పించినా కదా, సూపర్, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే ఓర్కా మాట్లాడుతుందని. నొక్కినాడు. తల కొంచెం వంచి ఆగినాడు. మళ్ళీ నొక్కినాడు. తర్వాత అడిగినాడు, "ఐపోయిందంటావేమి అబ్బీ, ఇది ఇంకా ఆన్ కాలేదు కదా?"

నాకు ఎదురుగా స్క్రీన్ వెలుగుతా ఉంది. ఆయనకు మాత్రం అది ఇంకా ఆన్ కాలేదు. మా బాబాయికి సౌండ్ పోతే పాటలు పోయినాయి. ఈయనకు సౌండ్ పోతే లాప్‌టాపే పోయింది. మర్నాడు ఆయనకు మాక్ టెస్ట్. నిదానమైనా మాట్లాడే మిషన్‌ను నేనే తీసుకొని, వేగంగా ఉండే మూగదాన్ని చేతిలో పెట్టినా. విండోస్ కూడా చెరిపేసినా కాబట్టి వెనక్కి పోయే దారి లేదు.

సెట్టింగ్స్‌లో చూస్తే అవుట్‌పుట్ దగ్గర డమ్మీ అవుట్‌పుట్ అని ఒక్కటే ఉంది. డమ్మీ అంటే సౌండ్ సర్వర్‌కి కింద కార్డ్ ఏదీ దొరక్క, ఉత్త పేరొకటి పెట్టుకుంది. ఏప్లే డ్యాష్ ఎల్ కొట్టినా. సౌండ్ కార్డులు లేవంది. ఎల్‌ఎస్‌పీసీఐ కొడితే మాత్రం ఆడియో అనే చిప్ లిస్ట్‌లో ఉంది. అంటే చిప్ ఉంది, దాన్ని నడిపేది లేదు. మూడో తూము.

చివరగా సూడో డీమెస్సేజ్ కొట్టినా. డీ, ఎం, ఈ, ఎస్, జీ. కెర్నల్ తన డైరీ మొత్తం చూపిస్తుంది. అందులో ఎస్ఓఎఫ్ అనే మాట వెతికితే ఒక లైన్ దొరికింది. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, ఎర్రర్ మైనస్ 2. మైనస్ 2 అంటే ఆ ఫైల్ లేదు అని అర్థం, ఇంకేం బ్రహ్మరహస్యం కాదు.

కొత్త తరం ఇంటెల్ లాప్‌టాప్‌లలో చాలావాటిలో, ముఖ్యంగా డిజిటల్ మైకు ఉన్నవాటిలో, సౌండ్‌ను చూసుకోవడానికి డీఎస్‌పీ అని ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. ఆన్ అయినప్పుడు దానికి కూడా ఒక ప్రోగ్రామ్ అందించాలి. అదే ఫర్మ్‌వేర్. దీని పేరు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, పొట్టిగా ఎస్ఓఎఫ్. ఆ ఫైల్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే, ఎంత మంచి చిప్ అయినా బొమ్మే. కొన్ని డిస్ట్రోలు ఇట్లాంటి ఫైళ్ళను కావాలనే పక్కన పెట్టేవి, అవి పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కిందికి రావని. ఉదాహరణకు డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచే వాటిని కలిపి ఇస్తున్నారు. నా పెన్ డ్రైవ్‌లో ఉన్నది అట్లాంటి పాత రకం. వైఫై కూడా అందుకే రాలేదు. తప్పు నాది, పాతది తీసుకుపోయినా.

ముందు ఆయనకు మాట తెప్పించాలి. పక్క వీధిలో మొబైల్ అంగడి ఇంకా తెరిచే ఉంది. యూఎస్‌బీ సౌండ్ కార్డ్ అని చిన్న ముక్క ఒకటి, బొటనవేలంత, దొరికింది. ఒకవైపు యూఎస్‌బీ, ఇంకోవైపు ఇయర్‌ఫోన్ రంధ్రం. ఇట్లాంటివి చాలావరకు ఏ ఫర్మ్‌వేర్ అడక్కుండా పెట్టగానే పనిచేస్తాయి, ఎందుకంటే యూఎస్‌బీ ఆడియోకి అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతి ఉంది, దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. పెట్టినా. అవుట్‌పుట్‌లో పేరు వచ్చింది. ఇయర్‌ఫోన్స్ ఆయన చెవిలో పెట్టి, "ఇప్పుడు నొక్కు అన్నా" అన్నా. ఏం వినిపించిందో నాకు తెలీదు గానీ, ఆయన ముఖం చూస్తే తెలిసింది. "ఆఁ, ఇప్పుడు ఆన్ అయింది" అన్నాడు.

తర్వాత ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ ఇచ్చి, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసినా. డెబియన్ రకాల్లో దాని పేరు ఫర్మ్‌వేర్ డ్యాష్ ఎస్ఓఎఫ్ డ్యాష్ సైన్డ్. ఫెడోరాలో ఆల్సా డ్యాష్ ఎస్ఓఎఫ్ డ్యాష్ ఫర్మ్‌వేర్. ఆర్చ్‌లో ఎస్ఓఎఫ్ డ్యాష్ ఫర్మ్‌వేర్. పాత డెబియన్ అయితే ముందు సోర్సెస్ లిస్ట్‌లో నాన్ డ్యాష్ ఫ్రీ అనే భాగాన్ని చేర్చాలి, లేకపోతే ప్యాకేజీ దొరకదు. రీస్టార్ట్ చేసినా. ఈసారి లాప్‌టాప్ స్పీకర్ నుంచే మాట వచ్చింది. అప్పటికి రాత్రి పదకొండు. ప్రొద్దుటూరు బస్సు గురించి ఆలోచించే పనే లేదు, ఆ రాత్రి అక్కడే సంగటి తిని పండుకున్నా.

పొద్దున బయల్దేరేటప్పుడు అన్న ఒక్క మాట అన్నాడు. "నువ్వు చెడగొట్టినందుకు బాధ లేదబ్బీ. చెరిపేసే ముందు ఒక్కసారి నన్ను పిలిచి వినమనుంటే సరిపోయేది కదా."

ఇదే ఫ్రెండ్స్ ఈ ఎపిసోడ్‌లో అసలు మాట. మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఉబుంటు, మింట్, ఫెడోరా, ఇట్లాంటి వాటిని పెన్ డ్రైవ్‌లో పెట్టి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపించొచ్చు. దాన్ని లైవ్ అంటారు. డెబియన్‌కి కూడా లైవ్ ఇమేజ్ విడిగా ఉంది. మీ హార్డ్ డిస్క్ జోలికి అది పోదు. పది నిమిషాలు లైవ్‌లో ఉండండి. స్పీకర్‌లో పాట వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టి, తీసి చూడండి. మైకులో మాట్లాడి రికార్డ్ చేసి వినండి. వైఫై, బ్లూటూత్ చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఇన్‌స్టాల్ నొక్కండి. లాప్‌టాప్ వేరేవాళ్ళదైతే వాళ్ళనే కూర్చోబెట్టి వినిపించండి. పెన్ డ్రైవ్‌లో కూడా కొత్త వెర్షన్ పెట్టుకోండి, రెండేళ్ళనాటిది వద్దు.

ఇంకొక్కటి. విండోస్, లైనక్స్ రెండూ ఉంచుకున్నవాళ్ళకి ఒక్కోసారి విండోస్ నుంచి ఇటు వచ్చినప్పుడు మాత్రమే సౌండ్ పోతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఉంటుంది, దానివల్ల షట్ డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆరిపోదు. సౌండ్ చిప్ సగం నిద్రలో ఉండిపోవచ్చు. షిఫ్ట్ పట్టుకొని షట్ డౌన్ నొక్కండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. తర్వాత చల్లగా ఆన్ చేసి చూడండి.

అంతా ఒకసారి వరుసగా చెప్పుకుందాం. అవుట్‌పుట్ ఎక్కడికి పోతుందో చూడండి. పావు కంట్రోల్‌లో గీత ఎగురుతుందో లేదో చూడండి. సౌండ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. ఆల్సా మిక్సర్‌లో ఎం ఎం ఉందేమో చూడండి. డమ్మీ అవుట్‌పుట్ వస్తే డీమెస్సేజ్‌లో ఫర్మ్‌వేర్ గురించి చూడండి. అప్పటిదాకా అర్జెంటు పనికి యూఎస్‌బీ సౌండ్ కార్డో, బ్లూటూతో వాడుకోండి. ఎవరినైనా సహాయం అడిగేటప్పుడు "సౌండ్ రాలేదు" అని ఒక్క ముక్క కాకుండా, ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, ఇయర్‌ఫోన్స్‌లో వస్తుందా లేదా, ఏప్లే ఏం చెప్పింది, ఈ నాలుగూ చెప్పండి. సగం పని అక్కడే ఐపోతుంది.

పులివెందుల అన్న లాప్‌టాప్‌కి తర్వాత కొత్త వెర్షన్ వేసినా. ఈసారి ముందు లైవ్‌లో పెట్టి, ఆయనకే ఇచ్చినా. ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, విని, "ఊఁ, ఇప్పుడు వెయ్" అన్నాడు. అప్పుడే ఇన్‌స్టాల్ నొక్కినా.

సరే ఫ్రెండ్స్, మీ లాప్‌టాప్‌లో తూము ఎక్కడ మూసుకుందో వెతికి, మాట తెప్పించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.